ముప్పై తలకాయలు

వాన రాకూడదని మొక్కుకునే మనిషి అనంతపురం నేల మీద ఎక్కడైనా ఉంటుందా? ఉంది. పేరు చౌడేశ్వరి, ఊరు గడేకొట్టాల. ఆ ఆదివారం సాయంత్రం ఇంటి ముందు నిలబడి, పడమట నల్లగా లేస్తున్న మబ్బును చూసి, "రేపొక్క పొద్దు ఆగు తల్లీ, ఎల్లుండి నీ ఇష్టమొచ్చినంత కురువు" అని మనసులోనే దండం పెట్టుకుంది. పెట్టుకున్నాక తనకే భయమేసింది. ఎవరి చెవినైనా పడితే చెప్పు తీసుకుని కొట్టేవాళ్ళు. ఊరు ఊరంతా ఆ మబ్బు కోసమే కదా కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది!

ఆమె గోలంతా బస్సు గురించి. గడేకొట్టాలకు ఉన్నదే ఒక్క బస్సు. రాత్రికి గుంతకల్లు నుంచి వచ్చి బడి ముందర పడుకుంటుంది. తెల్లవారగానే లేచి వజ్రకరూరు మీదుగా మళ్ళీ గుంతకల్లు పోతుంది. డ్రైవరు కదిరప్పకూ కండక్టరు జాకబ్‌కూ ఊళ్ళోవాళ్ళు వంతులు వేసుకుని రాత్రి అన్నం పెడతారు. బస్సు మన ఊళ్ళో పడుకోవాలంటే బస్సువాళ్ళు కడుపు నిండా తినాలి, ఇది పెద్దల కాలం నుంచి వస్తున్న పద్ధతి. ఇంత మర్యాద చేసే ఊరు, ఆ బస్సు ఎక్కడం మాత్రం మానేసింది. అదీ వీళ్ళ తెలివి!

మానేయడానికి మొదటి కారణం ఎవరో కాదు, చౌడేశ్వరి మొగుడు తిప్పేషే. అతనికి గాలిమరల దగ్గర పని. ఆ కంపెనీ ఉరవకొండ వైపు, బస్సు పోయే దారికి ఎదురు దిక్కున ఉంటుంది. కాబట్టి బండి కొన్నాడు, అందులో తప్పేమీ లేదు. కానీ కొన్నవాడు ఊరుకున్నాడా? రచ్చబండ దగ్గర కూర్చుని గుంతకల్లు పోయే మగవాళ్ళందరికీ బోధ చేశాడు. "బస్సు యాడ, బండి యాడప్పా! ఆ బస్సు కనపడిన ప్రతి యాపచెట్టునూ పలకరిచ్చి పోతాది. గంటన్నర. బండైతే ముక్కాలు గంట, నువ్వు అనుకున్నప్పుడు పోతావు, అనుకున్నప్పుడు వస్తావు" అన్నాడు. ఏడాది తిరిగేసరికి బస్సులో తొమ్మిది మంది ఆడవాళ్ళు మిగిలారు.

ఆ తొమ్మిది మందిలో చౌడేశ్వరి ఒకతి. గుంతకల్లులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రక్తపరీక్షల గది ఆమెది. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్ళు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు, వాళ్ళు వచ్చేసరికి ఆమె అక్కడ ఉండి తీరాలి. కదిరిలో చదివిన చదువు ఆరేళ్ళు ట్రంకుపెట్టెలో మగ్గింది. కూతురు హేమావతి బడికి పోయే వయసు వచ్చాకే, అత్త గంగక్క పిల్లను చూసుకుంటానన్నాకే, ఈ పని దొరికింది. ఆ గదిలో తెల్లకోటు వేసుకున్నప్పుడు తనను అందరూ "మేడం" అంటారు. ఆ పిలుపు కోసం ఆమె ప్రాణమైనా ఇస్తుంది. బస్సు పోయిందా, వజ్రకరూరు దాకా ఆరు మైళ్ళు నడిచి, ఆటో నిండేదాకా కూర్చుని గుంతకల్లు చేరేసరికి పరగడుపు వాళ్ళు మధ్యాహ్నం అన్నాలు కూడా తినేసి ఉంటారు. డాక్టరమ్మ ముందే చెప్పింది, ఆలస్యమైతే ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉందని.

ఇప్పుడు డిపో వాళ్ళు లెక్క చూస్తామన్నారు. సోమవారం పొద్దున ఆఫీసరు సుదర్శన్ సారు స్వయంగా వచ్చి ఎక్కుతాడట. వజ్రకరూరు చేరేలోపల బస్సులో ముప్పై తలకాయలు కనపడాలి. వజ్రకరూరులో ఎక్కేవాళ్ళకు వేరే బస్సులున్నాయి, వాళ్ళు లెక్కలోకి రారు. ముప్పై లేకపోతే మంగళవారం నుంచి గడేకొట్టాలకు బస్సు లేదు.

ఆ ఆదివారం రాత్రి వంతు చౌడేశ్వరి ఇంటిదే. కదిరప్ప, జాకబ్ అరుగు మీద కూర్చుని సంగటి ముద్దలు తింటున్నారు. చౌడేశ్వరి పులుసు పోస్తూనే ఆకాశం వైపు చూస్తోంది.

"మగోళ్ళు వస్తారు గదన్నా?" అంది జాకబ్‌తో, ఊరు తనది కాదన్నట్టు.

"నన్నడిగితే ఎట్లమ్మా? మీ ఊరోళ్ళు మీరే తెలుసుకోవల్ల."

తిప్పేష్ తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. "ఇరవైమందితో మాట్లాడినా లేన్నా. ఆఫీసరు సంగతి ఎత్తకుండా, ఒక్క పొద్దు బండ్లు ఇండ్లకాడ పెట్టి బస్సెక్కండప్పా అంటే అందరూ సరే అనిరి. నేనూ ఎక్కి వజ్రకరూరు దాకా వస్తా. ఏమ్మే, నా మాట మీద నీకు నమ్మకం లేదా?"

"నీ మాట మీద ఉండాది. ఆ మబ్బు మీద లేదు" అంది చౌడేశ్వరి.

కదిరప్ప చేయి ముద్దలోనే ఆగిపోయింది. మబ్బు సంగతి అతనికీ తెలుసు. వజ్రకరూరు చుట్టూ తొలకరి వాన పడిందంటే మనుషులు మనుషులుగా ఉండరు. పైమట్టి కొట్టుకుపోయి చేలల్లో రాళ్ళు కడిగినట్టు బయటపడతాయి. మరుసటి పొద్దున ఏటవాలు ఎండలో ఏది మెరిస్తే అది వజ్రమే అని జనం వంగిన నడుములు ఎత్తకుండా వెతుకుతారు. ఫలానా వాడికి దొరికిందట అని ప్రతి ఏడూ వింటారు. ఆ ఫలానా వాణ్ణి మాత్రం ఇంతవరకూ ఎవరూ చూసిన పాపాన పోలేదు.

వాళ్ళు చేతులు కడుక్కునేలోపలే మొదటి చుక్కలు పడ్డాయి. వీధిలో పిల్లలు కేకలు పెట్టారు. గంగక్క వాకిట్లోకి వచ్చి చేతులు జోడించింది. తిప్పేష్ ముఖంలో ఏదో వెలుగు వచ్చి, పెళ్ళాం చూస్తోందని వెంటనే ఆరిపోయింది.

"నేను పోను. ఒట్టు" అన్నాడు అడగకుండానే.

అడగకుండా వేసే ఒట్టు ఎంత గట్టిదో చౌడేశ్వరికి తెలుసు.

తెల్లవారుజామున ఆమె లేచేసరికి పక్కన మంచం ఖాళీ. బండి లేదు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. జడ వేసుకోకుండానే వీధిలోకి పరిగెత్తింది. ఒక ఇంటి తలుపు తట్టింది, ముసలామె మాత్రమే ఉంది. ఇంకో ఇంటికి తాళం. మూడో ఇంట్లో బాలింత తలుపు సందులోంచే, "అందురూ చేన్లకు పాయిరక్కా, చీకట్లోనే పాయిరి. మీ ఆయన కూడా ఉండె" అంది. మాట ఇచ్చిన ఇరవైమందీ మాటతో సహా చేలల్లో ఉన్నారు.

బడి ముందర బస్సు హారన్ మోగింది. కదిరప్ప మామూలు కంటే ఎక్కువసేపు మోగించాడు. ఎవరూ రాలేదు. చౌడేశ్వరి వాకిట్లో నిలబడ్డ అత్తతో, "పిల్లకు జడ నువ్వే వెయ్యత్తా" అని చెప్పి, సంచి భుజాన వేసుకుని ఎక్కింది. లోపల ఎప్పుడూ ఉండే ఎనిమిదిమంది ఆడవాళ్ళు. తనతో తొమ్మిది. జాకబ్ వెనక్కి తిరిగి ఖాళీ సీట్లను చూసి విజిల్ వేశాడు.

బస్సు ఊరు దాటింది. చౌడేశ్వరి కిటికీ చువ్వను గట్టిగా పట్టుకుంది. ఏడాది కష్టం, ఆ తెల్లకోటు, ఆ గది తాళం, అంతా ఈ రోజుతో సరి అనుకుంటే ఏడుపు కూడా రాలేదు, కోపమే వచ్చింది. మొగుడి మీద కోపం, మబ్బు మీద కోపం, ముప్పై అనే ఆ పాడు లెక్క మీద కోపం. రేపటి నుంచి రచ్చ దగ్గర అందరూ అయ్యో అంటారు. బస్సు పోయిందే అని వాళ్ళే నోరు నొక్కుకుంటారు. వాళ్ళ బండ్ల మీద వాళ్ళు పోతారు. ఇంట్లో కూర్చునేది తను.

వజ్రకరూరు ఇంకా రెండు మైళ్ళుందనగా చేలు వచ్చాయి. అబ్బో, ఏం జనం! గడేకొట్టాలవాళ్ళే కాదు, ఆదోని వాళ్ళు, బళ్ళారి వాళ్ళు, రాత్రే వచ్చి చెట్ల కింద టార్పాలిన్లు కట్టుకుని పడుకున్నవాళ్ళు. అందరూ చెప్పులు చేతబట్టుకుని, వంగి, పక్కవాడి వైపు కూడా చూడకుండా అడుగు అడుగూ కదులుతున్నారు. దారి పక్కన బండ్లు వరసగా ఉన్నాయి. చక్రాలకు రేగడి మన్ను ముద్దలు కట్టి, తోస్తే కదిలే స్థితిలో లేవు. వాటిలో తిప్పేష్ బండిని చౌడేశ్వరి దూరం నుంచే గుర్తుపట్టింది.

"కదిరప్పన్నా, ఒక రవ్వ ఆపన్నా!"

"ఈడ స్టాపు లేదమ్మా."

"నీ కాళ్ళకు దండం పెడతా. ఆపు."

రాత్రి తిన్న సంగటి గుర్తొచ్చిందో ఏమో, కదిరప్ప ఆపాడు. చౌడేశ్వరి దిగి గట్టు మీద నిలబడింది. "హేమా నాయనా!" అని పిలిచింది. తిప్పేష్ చేను నడిమధ్యలో ఉన్నాడు. తల ఎత్తాడు, చూశాడు, "వస్తా, వస్తా, ఒక్క నిమిషం" అన్నట్టు చేయి ఊపి మళ్ళీ వంగాడు. ఊళ్ళో పెద్దాయన సోమప్ప దగ్గరలోనే ఉన్నాడు. "సోమప్ప తాతా, బస్సు పోతాదంట తాతా! ఒక్క పొద్దు ఎక్కండి!" అని బతిమాలింది. "ఉండు పాపా, ఎండ ఇప్పుడే పడతాండాది" అన్నాడు ఆయన, నేల మీద నుంచి చూపు తిప్పకుండా. ఇంకో ఇద్దరు ఆమె నీడ పడుతోందని విసుక్కున్నారు.

అప్పుడే వజ్రకరూరు వైపు నుంచి దారి మలుపులో తెల్ల జీపు కనపడింది. సుదర్శన్ సారు. లెక్క చూడటానికి బస్సుకు ఎదురొస్తున్నాడు.

ఆ తర్వాత చౌడేశ్వరి చేసిన పని, ఎన్నిసార్లు తలుచుకున్నా, ముందుగా ఆలోచించి చేసింది మాత్రం కాదు. పోయిన ఏడు చేను గలాయన ఫిర్యాదు ఇస్తే పోలీసులు వచ్చి అందరినీ తరిమారు. ఆ తరుముడు ఇంకా ఎవరి కాళ్ళూ మరిచిపోలేదు. ఆమె రెండు చేతులూ పైకెత్తి, గొంతు చీల్చుకుని అరిచింది.

"పోలీసులూ! పోలీసులొచ్చినారూ! బస్సెక్కండ్రో! బస్సులో ఉంటే ఏమీ అడగరు!"

వంగిన నడుములన్నీ ఒక్కసారి లేచాయి. జీపును చూశాయి. ఇంక చూడాలి ఆ పరుగు! చెప్పులు వదిలినవాడు వదిలాడు, టిఫిన్ క్యారియర్ పారేసినవాడు పారేశాడు. బండ్ల దగ్గరికి పోయినవాళ్ళు మన్ను చూసి తలలు బాదుకుని బస్సు మీదికే తిరిగారు. సోమప్ప తాత పంచె ఎగగట్టి కుర్రవాళ్ళను దాటుకుని వచ్చాడు. జాకబ్ నోరు తెరిచి ఒక క్షణం చూసి, తేరుకుని, "ముందుకు జరగండప్పా, ముందుకు" అంటూ టికెట్టు మిషన్ పట్టుకున్నాడు. ఎప్పుడూ టికెట్టుకు గొణిగే మనుషులు ఆ రోజు అడగకముందే డబ్బులు చేతిలో పెట్టారు.

జీపు బస్సు ముందు ఆగింది. తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు వేసుకున్న సుదర్శన్ సారు దిగి బస్సెక్కాడు. అందరూ మన్ను కాళ్ళు సీట్ల కిందికి లాక్కున్నారు. ఆయనకు ఆశ్చర్యమే. ఖాళీ బస్సును చూడబోతున్నానని వచ్చిన మనిషికి కాలు పెట్టే చోటు లేదు. పోలీసే మఫ్టీలో వచ్చాడని ఆ చూపులన్నీ అనుకుంటున్నాయని ఆయనకేం తెలుసు? జనంతో పాటే ఎక్కిన చౌడేశ్వరి మూడో సీటు పక్కన నిలబడింది. ఎవడో ఒకడు "మేము వజ్రాలు ఏరుకునేకి రాలేదు సార్" అని ఒక్క మాట జారాడా, అంతే.

ఆయన మొదట సోమప్పనే అడిగాడు. "పెద్దాయనా, ఈ బస్సు ఎప్పుడూ ఎక్కుతావా?"

"దినమ్మూ ఎక్కుతా సార్" అన్నాడు సోమప్ప. పదేళ్ళుగా ఆయన ఈ బస్సు మెట్టు తొక్కలేదు. "ఈ బస్సు తప్ప నాకు దిక్కు లేదు సార్. చేన్లు గీన్లు నాకు తెల్దు. ఇంట్లో నుంచి బస్సు, బస్సులో నుంచి ఇల్లు."

"మరి కాళ్ళకు ఆ మన్నేమి?"

"మా వీదంతా బురద సార్. రాత్రి వాన."

పక్కవాడు ఇంకా అడగకముందే మొదలుపెట్టాడు. "నేనూ దినమ్మూ సార్. ఈ బస్సు లేకుంటే మా బతుకే లేదు." వాడి వెనకవాడు, "మా పిల్లోల్లంతా ఈ బస్సులోనే పెరిగినారు సార్." భయం పట్టిన మనిషి నోట ఎంత భక్తి పుడుతుందో చౌడేశ్వరి అప్పుడే చూసింది. బండి తప్ప ఎక్కనని మీసం తిప్పినవాళ్ళు ఆ బస్సును పొగుడుతుంటే, పొగిడించిన భయం తనదే అయినందుకు ఆమెకు సిగ్గు వేసింది, ఆ సిగ్గులోనే తలకాయలు లెక్కపెట్టుకుంది. ముప్పై ఎప్పుడో దాటాయి.

సారు ఒక కొత్త ముఖం దగ్గర ఆగాడు. "నీ ఊరేది?"

"ఆదోని సార్."

"ఆదోని వాడివి దినమ్మూ గడేకొట్టాల నుంచి యాడికి పోతావు?"

ఆ కుర్రాడి గుటక అందరికీ వినపడింది. చౌడేశ్వరి కళ్ళు మూసుకుంది.

"అత్తగారిల్లు సార్" అన్నాడు వాడు. "ఇల్లరికం పోయినా."

ఎవరో నవ్వబోయి దగ్గుతో కప్పిపుచ్చారు. సారు తల ఊపి ముందుకు కదిలాడు. చివరికి ఫుట్‌బోర్డు దగ్గర మిగిలింది తిప్పేష్. అందరికంటే ఆఖరున ఎక్కింది అతనే. మోకాళ్ళ దాకా మన్ను, ఒళ్ళంతా చెమట, ఇంకా రొప్పుతున్నాడు. చేలోంచి వచ్చి ఎక్కిన అంతమందిలో ఈయన పోలీసు కాదనీ, ఈ లెక్క దేనికో అనీ తెలిసినవాడు అతనొక్కడే. చౌడేశ్వరి అబద్ధం అతని నాలుక చివర ఉంది.

"నువ్వు?" అన్నాడు సారు.

తిప్పేష్ పెళ్ళాం వైపు చూశాడు. ఆమెను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూశాడు. ఆ చూపు ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. కోపం అయి ఉంటుందనుకుంది.

"నేను ఎక్కను సార్" అన్నాడు. "నాకు బండి ఉండాది. ఈ బస్సెక్కొద్దని ఊరంతా చెప్పినోన్ని నేనే."

కండక్టరు జాకబ్ మిషన్ మీద నుంచి తల ఎత్తలేదు.

"ఆయమ్మ నా పెండ్లాము. గుంతకల్లులో ఆసుపత్రిలో చేస్తాది. ఈ బస్సు లేకుంటే ఆయమ్మ పని పోతాది సార్. నన్ను లెక్కలో రాసుకోవద్దు. ఈ బస్సు మాత్రం తీయొద్దు." మిగతావాళ్ళకు ఇదేమీ అర్థం కాలేదు, పోలీసుతో ఇంత ధైర్యంగా మాట్లాడుతున్నాడే అని గుడ్లప్పగించి చూశారు.

సుదర్శన్ సారు మొగుణ్ణీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత జాకబ్ వైపు తిరిగాడు. "ఈయన్ను వదిలేసి ఎంతమంది?"

"అరవై నాలుగు సార్."

"సరే. బస్సు ఉంటాది. మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తాం" అని చెప్పి ఆయన దిగి జీపెక్కాడు. జీపు తిరిగి వెళ్ళిపోయింది. బస్సంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. కదిరప్ప గేరు వేశాడు. కదిలే బస్సులోంచి దిగే ధైర్యం ఎవరికీ లేదు, జీపు ముందే పోతోంది కదా. వజ్రకరూరులో దిగి నడిచిపోదాంలే అని గుసగుసలు మొదలయ్యాయి.

తిప్పేష్ జనాన్ని తోసుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. చౌడేశ్వరి తిట్లకు సిద్ధంగా నిలబడింది. తిట్టించుకుని తనూ తిట్టాలి, ఒట్టు సంగతి అడగాలి. అతను ఆమె చేయి పట్టుకుని వెనక్కి తిప్పి చూశాడు. వంగి ఆమె పాదాలు చూశాడు.

"యాడ కరిచింది?" అన్నాడు.

"ఏం కరిచేది?"

"పాము. గట్టు మీద నిలబడి అట్లా అరిచినావు గదా."

"పాము లేదు గీము లేదు. పోలీసులని అరిస్తి. నువ్వు విన్లేదా?"

"ఏమంటాండావో నేను విన్లేదే. నా ముందర, ఇంత దూరంలో, ఏదో మెరిసింది. చెయ్యి పెట్టబోతాండా. నీ గొంతు ఇనపడింది. నువ్వట్లా అరిచేది నేను ఎప్పుడూ విన్లేదు చౌడీ. పానం పోయినట్లాయ. పరిగెత్తుకొస్తి." అతను ముఖం తుడుచుకున్నాడు, మన్ను చెంపకు అంటింది. "బస్సెక్కినాక అందురూ పోలీసులు పోలీసులు అంటాంటే అప్పుడు తెలిసింది."

"మెరిసింది ఏమి?"

"ఏమో. గాజుపెంకో, ఇంకోటో. ఇంక యాడ కనపడతాది, అంతమంది తొక్కుకుంటా వస్తిరి." అని, కాస్త ఆగి, "రాత్రి ఒట్టు తప్పినా. తప్పే" అన్నాడు.

చౌడేశ్వరి అనాలనుకున్న మాటలన్నీ ఎటుపోయాయో పోయాయి. పొద్దుటి నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. సీటు కడ్డీకి నుదురు ఆనించి, అంతమంది ముందర వెక్కి వెక్కి ఏడ్చింది. తిప్పేష్ ఏం చేయాలో తెలియక పక్కన నిలబడి ఆమె సంచి పట్టుకున్నాడు.

సోమప్ప తాతకు జాలేసింది. సీటులోంచి లేచి, ఆమె తల మీద చేయి వేసి, బోసినోటితో ఓదార్చాడు.

"ఏడవాకు పాపా, భయం లేదు. పోలీసులు పాయిరిలే."